మూడో తరగతి నేరేడు చెట్టు

పోయిన వారం ఆదిలక్ష్మి తన ఇంటి వాకిలి ఊడుస్తుండగా గేటు ముందు ఒక ఆటో ఆగింది. దిగింది నాగేశ్వరి. ఆమె ఎందుకు వచ్చిందో తెలియాలంటే వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలి.

ఆదిలక్ష్మికి, ఆమె భర్త రాజేశానికి ఇస్నాపూర్‌లో కిరాణా కొట్టు, దాని వెనక బియ్యం పప్పుల గోదాము ఉన్నాయి. వాళ్లకు ఒక్కతే బిడ్డ, భవ్యశ్రీ. చిట్కుల్ సర్కారు బడిలో టీచరుగా చేసింది. కంపెనీల పొగ మధ్య పెరిగే పిల్లలకు బడిలోనైనా నీడ ఉండాలని తరగతికి ఒక చెట్టు పెట్టించింది. మిగతా బళ్లలో కూడా ఇట్లాగే పెట్టిద్దామని తిరుగుతున్న రోజుల్లో, నర్సరీ నుంచి మొక్కలు తెస్తూ హైవే మీద లారీ కింద పడి చనిపోయింది. ఆ పని తల్లి ఎత్తుకున్నది. బడి బడికీ తిరిగి, హెడ్‌మాస్టర్లను బతిమాలి ఒప్పిస్తున్నది. అంతలో చిట్కుల్ బడిలో బిడ్డ నాటిన చెట్లే ఒక్కొక్కటి ఎండిపోసాగాయి. బడికి ఊరికే నీళ్లు పంపే కంపెనీ ట్యాంకరు మీద అందరికీ అనుమానం వచ్చింది. ఆదిలక్ష్మి కంపెనీ గేటు ముందు కూర్చుని, ట్యాంకరు పంపే వీర్రాజును నలుగురిలో పేరు పెట్టి తిట్టింది. మర్నాడే కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది.

నాగేశ్వరి ఆ వీర్రాజు భార్య.

ఆమె గేటు తీసుకుని లోపలికి రాలేదు. చేతిలో గుడ్డ సంచి పట్టుకుని బయటే నిలబడింది.

"ఇక్కడే మాట్లాడమంటారా అండి, లోపలికి రమ్మంటారా?"

ఆదిలక్ష్మి చీపురు గోడకు ఆనించింది. "మాట్లాడేదేమన్న ఉంటే బడిల సారు ముందర మాట్లాడుదువు. ఇయ్యాల మీటింగున్నది. మీ ఆయనను గూడ రమ్మన్నరు."

"అందుకే పొద్దున్నే వచ్చానండి. ఆయన వస్తారు. వచ్చి తప్పు నాదేనని చేతులు జోడించి ఒప్పేసుకుంటారంట. రాత్రి నుంచీ అదే మాట."

"తప్పు చేసినోడు ఒప్పుకోవద్దా మరి?"

"చెయ్యలేదండి!" నాగేశ్వరి గొంతు పెరిగింది. ఎదురింటి కిరాయి గదుల్లోంచి కంపెనీ షిఫ్టుకు బయలుదేరుతున్న కుర్రవాళ్లు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించింది. "చెయ్యలేదు. మరెందుకు ఒప్పుకుంటున్నారంటే, గొడవ తెగితే మిగతా బళ్లవాళ్లు భయపడకుండా మొక్కలేసుకుంటారట. ఆ పిల్ల మొదలెట్టిన పని మన వల్ల ఆగిపోకూడదట. మీ అమ్మాయి మా గేటు కాడికొచ్చి, 'బాబాయ్‌గారూ, వారానికి ఒక్క ట్యాంకరు, మా పిల్లల చెట్లకి' అని అడిగిందండి. ఆ బాబాయ్ అన్న మాట పట్టుకుని వేలాడుతున్నాడు పిచ్చి మనిషి."

బిడ్డ మాట వినగానే ఆదిలక్ష్మి గోడకు ఆనించిన చీపురు మళ్లీ అందుకున్నది. గట్టిగా అన్నది.

"మీ ఆంధ్రోళ్లకు మాటలు బాగ ఒస్తయమ్మా."

"మా ఆయన ఉద్యోగానికని ఇక్కడికొచ్చి సగం జీవితం అయిపోయిందండి. మా పిల్లలిద్దరూ పటాన్‌చెరు ఆసుపత్రిలోనే పుట్టారు. ఇంకా ఆంధ్రోళ్లమేనా?" అంటూ నాగేశ్వరి సంచిలోంచి గుప్పెడు బెండకాయలు తీసి గేటు దిమ్మె మీద పెట్టింది. "ఇవి మా పెరట్లోవి. ఆ ట్యాంకరు నీళ్లతోనే పండించుకున్నాం. మీరు వండుకోరని తెలుసు. చూడండి, అంతే."

"మీ కంపెనీ మురికి కాల్వ కంపు నాకు తెల్వదా?"

"కాలవ సంగతి నేనెప్పుడైనా కాదన్నానా? ఆ వాసనకి మేమూ కిటికీలు మూసుకునే పడుకుంటాం. ట్యాంకరు కాలవ దగ్గర నింపలేదండి. మంచినీళ్ల పైపు దగ్గర నింపారు. మా ఆయన బడికి పోయి చెట్లు చూస్తానంటే మీ ఊరోళ్లు గేటు దాటనివ్వట్లేదు. మీరైనా ఒక్కసారి ఆ మొదళ్లు మీ చేత్తో తవ్వి చూడండి. చూశాక మీ నోటికి ఏం వస్తే అదే అందరి ముందూ అనండి. పడతాం."

ఆమె వెళ్లిపోయింది. బెండకాయలు లేతగా, నూగుతో, దిమ్మె మీద మిగిలాయి.

ఆదిలక్ష్మి ఇంట్లోకి పోయి భర్తను పిలిచింది. రాజేశం లేడు. గోదాముకు పోతున్నానని చీకటితోనే స్కూటర్ తీశాడు. ఈ మధ్య అట్లాగే పోతున్నాడు. బిడ్డ పోయిన తర్వాత ఆ మనిషికి ఇంట్లో కూర్చోవడమే చేతకావడం లేదు. ఆమె తలుపుకు తాళం వేసి చిట్కుల్‌కు ఆటో ఎక్కింది.

బడి ఇంకా తెరవలేదు. వంట మనిషి ఎంకమ్మ ఒక్కతే వంటగది ముందు కూర్చుని వంకాయలు కోస్తున్నది.

"ఏందమ్మా, గింత జల్దీ ఒచ్చినవ్? సారు గూడ రాలే."

"ఊకె ఒచ్చిన. చెట్లు సూద్దామని."

"ఏం సూస్తవు తల్లీ," ఎంకమ్మ కత్తిపీట మీది నుంచి తల ఎత్తింది. "నిన్న నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే నాకు. మీ బిడ్డ పెట్టిన రివాజు ఇంక నడుస్తనే ఉన్నది గద, హాజరుల చెట్టు పేరు గూడ పిలుసుడు. మూడో తరగతిల టీచరమ్మ 'నేరేడు చెట్టూ' అన్నది. ఎప్పుడూ పొల్లగాండ్లంత కలిసి 'ప్రెజెంట్ టీచర్' అని అరుస్తరు. నిన్న ఎవ్వలు అరవలే. ఒక బుడ్డ పోరి లేసి, 'లీవు పెట్టింది టీచర్, పాణం మంచిగ లేదు' అన్నది."

ఆదిలక్ష్మికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గ్రౌండులోకి నడిచింది.

గోడ వెంబడి ఉసిరి, జామ, సీతాఫలం. ఆకులు అంచుల నుంచి కాలినట్టు గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. వానలు పడుతున్నాయి, గోడ అవతల తుమ్మ చెట్లు పచ్చగా ఉన్నాయి, ఈ చెట్లు మాత్రం ఎండాకాలంలోనే ఉండిపోయాయి. చివరిది నేరేడు. భవ్యశ్రీ తన చేత్తో నాటిన చెట్టు. చుట్టూ ఇటుకలు పేర్చి నలుచదరంగా పాదు కట్టించింది. పిల్లలు ఆ ఇటుకలకు తెల్ల సున్నం పూశారు.

ఆదిలక్ష్మి మోకాళ్ల మీద కూర్చున్నది. పాదులో మట్టి మీద తెల్లటి పొర ఉన్నది. అందరూ చూసిన పొరే. కంపెనీ నీళ్ల విషం ఎండి పేరుకున్నదని అందరూ అన్నదే. ఆమె కూడా ఆ మాట అనుకునే కంపెనీ గేటు ముందు గొంతు చించుకున్నది. దగ్గరికి పోయి ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. విషం గదా.

పుల్ల తీసుకుని పాదు మూలన గీకింది. మట్టి కింద చిన్న గుంట. గుంట నిండా సగం కరిగిన గడ్డలు. దొడ్డుప్పు, అదే కల్లుప్పు.

రెండో మూలన గీకింది. అక్కడా అదే. మూడో మూల, నాలుగో మూల. ఒక్కో మూలన ఒక్కో పిడికెడు. ప్రతి పిడికెడు మీదా బొటనవేలితో నొక్కిన పల్లం.

ఆదిలక్ష్మి చేతిలో పుల్ల కింద పడిపోయింది.

ఆ వేలి గుర్తు ఆమెకు పెళ్లయి అత్తగారింట్లో అడుగుపెట్టిన నాటి నుంచి తెలుసు. గోదాములో బస్తాలు దించే ముందు మామగారు నేల నాలుగు మూలలా పిడికెడేసి దొడ్డుప్పు పోసి, బొటనవేలితో నొక్కి, ఆ వేలు కళ్లకద్దుకునేవాడు. చెదలు రాకుండా. మామగారు పోయాక రాజేశం అదే చేస్తున్నాడు. కొత్త సరుకు వచ్చిందంటే చాలు, ముందు ఉప్పు, తర్వాతే బస్తా. ఆ ఇంట్లోవాళ్లకు పంట బస్తాలో ఉన్నప్పుడే తెలుసు. నేలలో ఉన్నప్పుడు తెలియదు. తరతరాలుగా కొన్నారు, నిలవ పెట్టారు, అమ్మారు. ఒక్క గింజ నాటి ఎరుగరు.

ఆదిలక్ష్మి పుట్టింది జోగిపేట దిక్కు చిన్న ఊళ్లో. ఆ ఊరి చివర చౌడు నేల ఉండేది. తెల్లగా, ఉప్పగా, గడ్డి పోచ కూడా మొలవకుండా. చిన్నప్పుడు ఆ నేల మీద ఆడుకుని వస్తే కాళ్లు పగిలేవి. అదే నేలను తన మొగుడు ఇక్కడ, తమ బిడ్డ చెట్టు కింద, పిడికెడు పిడికెడుగా తయారు చేశాడు.

"ఎంకమ్మా," అని పిలిచింది. "ఈ పాదుల్ల ఎవరన్న ఏమన్న ఏస్తున్నరా?"

"ఇంకెవ్వలు, మీ సేటే. రోజు ఇడిసి రోజు ఒస్తడు గద, పొద్దుగాల. చెట్లకు మందేస్తున్న, పురుగు మందు అన్నడు. నీకు తెల్వదా ఏంది? నువ్వే పంపుతున్నవనుకున్న!"

అప్పుడే గేటు దగ్గర స్కూటర్ చప్పుడయింది. ఆ చప్పుడును ఆదిలక్ష్మి ఎన్ని చప్పుళ్ల మధ్యనైనా పోల్చుకోగలదు. ఎందుకు లేచిందో, ఎందుకు దాక్కున్నదో ఆమెకే తెలియదు. వంటగది గోడ పక్కకు పోయి నిలబడింది.

రాజేశం చేతి సంచి పట్టుకుని నేరుగా నేరేడు చెట్టు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకున్నాడు. మీటింగు కదా. చెప్పులు దూరంగా విడిచి, కూర్చుని, ఎండిన కొమ్మ మీద చెయ్యి వేశాడు. జ్వరం చూస్తున్నట్టు.

"ఇయ్యాల పెద్దోళ్లొస్తున్నరు బిడ్డా," అన్నాడు చెట్టుతో. "జెర తల ఎత్తు. గిట్ల పండుకుంటే ఎట్ల?"

సంచిలో చెయ్యి పెట్టాడు. ఆదిలక్ష్మి ఇంక నిలవలేకపోయింది.

"భవ్య నాయినా."

రాజేశం ఉలిక్కిపడి సంచి వెనక్కు దాచాడు. మిఠాయి దొంగిలిస్తూ దొరికిన పిల్లవాడి మొహం పెట్టాడు. "నువ్వెప్పుడు ఒచ్చినవ్?"

"ఏందది?"

"ఏం లేదు. చెదలు." కాసేపు నసిగి, ఇక దాచలేక చెప్పుకొచ్చాడు. "ఎండాకాలంల సూసిన. గా ఉసిరి మొదట్ల మట్టి పాకుతున్నది. చెదలే. నీకు చెప్తే మళ్ల అన్నం మానేస్తవని చెప్పలే. మనకు తెలిసిన ఇలాజే గద. మన గోదాముల ఎన్నడన్న ఒక్క బస్తాకు చెదలు పట్టిందా? ఎండకు గట్టిగ పనిచేసింది. వానలు మొదలైనంక కరిగిపోతున్నదని ఇంకింత ఎక్కువ ఏస్తున్న. చెదలైతే పోయినై, సూడు, ఒక్కటి లేదు. గా కంపెనోని నీళ్లే పాడు చేసినై గని, లేకుంటే..."

ఆదిలక్ష్మి నోరు తెరిచింది. రాజేశం చెట్టు వైపు తిరిగి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు:

"రోడ్డు మీద బిడ్డ పడిపోయినప్పుడు నేను దగ్గర లేను. ఎవరో దారిన పొయ్యేటోడు నీళ్లు తాగిపిచ్చిండట. నేను అప్పుడు కొట్టుల బెల్లం తూస్తున్న. ఇక్కడనన్న ఉంట అనుకున్న, ఆదిలక్ష్మీ. ఈ చెట్టు కాడనన్న."

చెప్పవలసిన మాట నాలుక మీదికి వచ్చి, ఆ తెల్ల అంగీని, ఆ వంగిన వెన్నును చూసి, మళ్లీ లోపలికి పోయింది. ఆ మాట చెబితే ఈ మనిషి ఇక లేవడు. బిడ్డను లారీ చంపింది, బిడ్డ చెట్టును నువ్వు చంపినవు అని ఏ నోటితో అంటుంది?

"ఇయ్యాల్టికి సాలు," అని మాత్రం అన్నది. "ఆ సంచి నాకియ్యి. మంది ఒస్తున్నరు. చేతులు కడుక్కో."

మంది వచ్చారు. వరండాలో కుర్చీలు వేశారు. ఇస్నాపూర్, గడ్డపోతారం, ఇంకా చుట్టుపక్కల ఊళ్ల బళ్ల నుంచి హెడ్‌మాస్టర్లు, టీచర్లు వచ్చి కూర్చున్నారు. ఆదిలక్ష్మి వెంట పడితే మొక్కలు వేసుకుంటామని మాట ఇచ్చినవాళ్లు. చిట్కుల్ చెట్లు ఎండిపోయాయని విని మళ్లీ వెనక్కు తగ్గినవాళ్లు. కారణం తేలితేనే వేస్తామని పట్టుబట్టారు. ఒక్క గడ్డపోతారం త్రివేణి టీచరు మాత్రం భయపడలేదు. నిన్ననే ఆటోలో మొక్కలు తెప్పించుకున్నది. అవి భవ్యశ్రీ పోయేముందు మిద్దె మీద పాల కవర్లలో విత్తినవి. బిడ్డ చేతి విత్తనాల్లో మిగిలినవి అవే. ఎవరికీ ఇయ్యనని ఏడాది నీళ్లు పోసి సాకి, చివరికి మనసు గట్టి చేసుకుని ఇచ్చింది ఆదిలక్ష్మి.

వీర్రాజు వరండా మెట్ల కింద, ఎండలో నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. నాగేశ్వరి గేటు దగ్గరే ఆగిపోయింది. రాజేశం వెనక వరసలో కూర్చున్నాడు, కడిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని.

హెడ్‌మాస్టర్ శివశంకర్ సారు సౌమ్యుడు. గొంతు సవరించుకున్నాడు. "ఎవర్నీ నిందించాలని కాదు పిలిచింది. ఈ చెట్లు ఎందుకు పోయినయో తెలిస్తే పక్క బళ్లవాళ్లు జాగ్రత్త పడతరు. నీళ్ల వల్లనే అని ఊరంతా అంటున్నది. వీర్రాజుగారూ, మీరేమంటారు?"

"అడుగుడేంది సారూ," ఊరి పెద్దమనిషి పెద్దరాములు కుర్చీలోంచే అన్నాడు. "గా మొదళ్ల మీద తెల్లగ కనవడ్తలేదా? కండ్లున్నోనికి ఎరుకైతది."

వీర్రాజు తల ఎత్తకుండానే రెండు చేతులు జోడించాడు. "తప్పు నాదేనండి. చూసుకోకుండా పంపేసుంటాను. ఆ పాప నన్ను నమ్మి అడిగింది. మీరందరూ నా మొహం చూసి మొక్కలు మానెయ్యకండి. నీళ్లు వేరే చోట నుంచి..."

"ఆగుండ్రి."

ఆదిలక్ష్మి లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియలేదు. అందరూ ఆమె వైపు తిరిగారు. వెనక వరసలో తెల్ల అంగీ ఉన్న చోటు తప్ప మిగతా అంతా చూసింది.

"ఆయన తప్పు లేదు సారూ. నీళ్లది తప్పు కాదు. చెట్ల మొదట్ల ఉప్పు పోసిండ్రు. గా తెల్లగున్నది ఉప్పే. కావాల్నంటే నాలుక మీద ఏసుకుని సూడుండ్రి."

"ఉప్పా? ఎవరు పోసిండ్రు?"

"నేనే."

పెద్దరాములు కుర్చీలో ముందుకు వంగాడు.

"చెదలు పడుతున్నయని పోసిన. మా గోదాముల అట్లనే చేస్తం. బుద్ధి లేక చేసిన. నా బిడ్డ చెట్లను నా చేతుల్తోని నేనే..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. మింగుకుని, మెట్ల వైపు తిరిగింది. "అన్నా, నిన్ను నానా మాటలన్న. గేటు ముందర కూసోని నీ ఇంట్ల పొయ్యి ఆర్పిన. నీ కాళ్లు మొక్కాలె."

"అయ్యో, అంత మాటనకండి," అన్నాడు వీర్రాజు, ఒక అడుగు వెనక్కి వేసి.

పెద్దరాములు ఊరుకోలేదు. "మొన్న గేటు ముందర శివమూగినట్టు ఊగితివి. ఇయ్యాల నీళ్లు మంచియంటున్నవు. కంపెనోడు ఏమన్న ముట్టజెప్పిండా సేటమ్మా?"

"రాములన్నా, కాల్వ కంపు మీద కొట్లాడుదాం పా. నేను అందరికంటె ముందర కూసుంట. గని చెయ్యని తప్పుకు ఒక మనిషిని బలిజేసి కొట్లాడలేను. నా బిడ్డ పేరు మీద అసలే చెయ్యలేను."

వెనక కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆదిలక్ష్మి కళ్లు మూసుకున్నది.

రాజేశం లేచాడు. ఎవరి దారికీ అడ్డం రాకుండా నడిచే మనిషి, కుర్చీలు తగులుకుంటూ ముందుకు వచ్చాడు. భార్య వైపు చూడలేదు. శివశంకర్ సారు ముందుకు పోయి నిలబడ్డాడు.

"సారూ, ఉప్పుతోటి చెట్టు సస్తదా?"

పాఠం అడిగే పిల్లవాడిలా అడిగాడు. సారు పెద్దరాములు వైపు చూశాడు. రాజేశం పక్కకు తిరిగి పెద్దరాములును అడిగాడు. "రాములూ, నువ్వు ఎవుసం చేసినోనివి. చెప్పరాదే. సస్తదా?"

పెద్దరాములు నోట్లో అప్పటిదాకా ఉన్న వెటకారమంతా ఎక్కడికో పోయింది. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "కొంచెమైతే ఏం గాదు సేటూ," అన్నాడు మెల్లగా. "కొంచెమైతే."

రాజేశం తన చేతులు చూసుకున్నాడు. బొటనవేళ్లు చూసుకున్నాడు.

"ఆమె కాదు సారూ," అన్నాడు. "మా ఆదిలక్ష్మికి అబద్ధమాడుడు ఎన్నడు రాలే. ఇప్పుడు గూడ సక్కగ రాలే. ఉప్పు పోసింది నేను. ఎండాకాలం పొడుగూత పోసిన. బిడ్డా బిడ్డా అనుకుంటనే పోసిన."

ఆదిలక్ష్మి అతని మోచెయ్యి పట్టుకున్నది. "నువ్వు కూసో. నీకు తెల్వక చేసినవు. తెలిసి చేసినోళ్లు ఎవ్వరు లేరిక్కడ. కూసో, నా మాటిను."

గేటు దగ్గరున్న నాగేశ్వరి గబగబా వచ్చి రాజేశం వెనక కుర్చీ జరిపింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "అన్నయ్యగారూ, కూర్చోండి. ముందు కూర్చోండి," అన్నది. పొద్దున గేటు బయట నిలబడి మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఆదిలక్ష్మి రెండో చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది. ఆ చెయ్యి వదిలించుకోవాలని ఆదిలక్ష్మికి అనిపించలేదు. ఎంకమ్మ ఒక చెంబు నీళ్లు తెచ్చింది. వీర్రాజు మెట్లెక్కి వచ్చి ఆ చెంబు అందుకుని రాజేశం నోటి దగ్గర పెట్టాడు.

రాజేశం తాగలేదు. చెంబు మీది నుంచి ఎదురుగా కూర్చున్న ఒక మొహాన్ని చూసి అట్లాగే బిగుసుకుపోయాడు. త్రివేణి టీచరు మొహం.

"ఆదిలక్ష్మీ," అన్నాడు. "నిన్న ఆటోల మొక్కలు పంపినం గద."

"పంపినం. అయితే ఏంది?"

"మొక్కల కింద నేనొక సంచి పెట్టిన. ఆటో పిలగానికి చెప్పి పంపిన. పాదుకు నాలుగు మూలల నాలుగు పిడికిళ్లు ఏసి, మీదికెల్లి నీళ్లు పొయ్యిమని పిల్లలకు చెప్పుమని." త్రివేణి టీచరు వైపే చూస్తూ అన్నాడు. "ఇక్కడ చెట్లు పోయినై, అక్కడనన్న చెదలు పట్టొద్దని."

త్రివేణి టీచరు కుర్చీలోంచి లేచిపోయింది. "సంచి ఒచ్చింది సేటూ. మందు అన్నడు ఆటో అబ్బాయి. ప్రార్థన కాంగనే నాటి, మందేసి, నీళ్లు పొయ్యిమని పిల్లలకు నేనే చెప్పొచ్చిన."

అప్పటికే ఆమె తన బడికి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టుకున్నది. మోగుతున్నది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ప్రార్థన గంట ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రాజేశం చెంబు పక్కకు నెట్టి, స్కూటర్ కోసం గేటు వైపు నాలుగడుగులు వేసి, ఏ జేబులో తాళం పెట్టుకున్నాడో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

మూడోసారి ఎవరో ఎత్తారు. త్రివేణి టీచరు ఫోను స్పీకరులో పెట్టి అందరి మధ్యకు చాపింది. అవతల గ్రౌండులో పిల్లల కేకలు, బకెట్ల చప్పుడు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"హలో? టీచర్?" ఒక ఆడపిల్ల గొంతు, ఆయాసపడుతూ, సంబరంగా. "టీచర్, అన్ని నాటినం!"

"బిడ్డా, సంచి!" ఆదిలక్ష్మి ఫోను మీదికి వంగి అరిచింది. "ఆ సంచి విప్పిండ్రా?"